పుస్తకాల షాపుకి డ్రాయింగ్‌లు: డెమ్మీ పుస్తకం దగ్గర మొదలుపెట్టండి

షాపు అద్దెకు తీసుకున్నారు. అడ్వాన్స్ కట్టేశారు, తాళాలు చేతికొచ్చాయి. మర్నాడే కార్పెంటర్ వచ్చి, టేపు చాపి, "సార్, ర్యాకులు అడుగు లోతు పెట్టేద్దామా?" అంటాడు. మీరు "సరే" అంటారు. ఆ ఒక్క మాటతో మీరు కొనబోయే ప్రతి ప్లైవుడ్ షీటులో పావు వంతు పక్కన పడిపోయినట్టే. ఎలాగో కింద లెక్క కట్టి చూపిస్తాను.

నేను గీసిన షాపుల్లో పెద్దవేం లేవు. అన్నీ షట్టర్ షాపులే. కానీ ప్రతిచోటా ఒకటే గమనించాను: ఓనరు ఫోన్లో ఏదో విదేశీ పుస్తకాల షాపు ఫోటో పట్టుకొస్తారు. చక్రాల నిచ్చెన, పసుపు లైట్లు, కప్పు దాకా పుస్తకాలు. ఫోటో బాగానే ఉంటుంది, అందులో కొలతలే ఉండవు. గోడలు కొలిచి లోపల ఏం పడుతుందా అని చూస్తే ఏ షాపైనా మెడికల్ షాపులాగే తయారవుతుంది. ఒక్క పుస్తకం కొలిచి దాని చుట్టూ అర, అర చుట్టూ ర్యాకు, ర్యాకుల మధ్య నడక గీసుకుంటూ పోతే షాపు వస్తుంది. అందుకని మనం ఆ వరసలోనే వెళ్దాం. లెక్కలు తేలిగ్గా ఉండటానికి 14 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు ఉన్న మామూలు షట్టర్ షాపు అనుకుందాం.

1. పుస్తకాలు కొలవండి

మీరు అమ్మబోయే పుస్తకాల్లోంచి ఓ వంద తీసి నేల మీద పరచండి. స్కేలు పెట్టి కొలిచి మూడు కుప్పలు చేయండి.

కథలు, నవలలు, వ్యాసాలు చాలావరకు డెమ్మీ 1/8 సైజు. సుమారు 140 మిల్లీమీటర్ల వెడల్పు, 215 మి.మీ. ఎత్తు. దానికన్నా కాస్త చిన్నది క్రౌన్ 1/8. ఈ రెండూ ఒక కుప్ప. డెమ్మీ కన్నా పెద్దగా ఉండే క్రౌన్ 1/4 పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు రెండో కుప్ప. గ్రూప్స్, డీఎస్సీ, పోటీ పరీక్షల గైడ్లు మూడోది. ఇవి ఏ4కి దగ్గరగా, ఇటుకల్లా ఉంటాయి. సాహిత్యం మీద ప్రేమతో షాపు పెట్టేవాళ్ళు ఈ మూడో కుప్పని చిన్నచూపు చూస్తారు. అద్దె కట్టేది చాలాసార్లు అదే, డ్రాయింగ్‌లో దానికి ముందే చోటు పెట్టండి.

ఇప్పుడు ఆ పుస్తకాలను వెన్ను కనపడేలా నిలబెట్టి చూడండి. ఇంగ్లీషు పుస్తకాలకి ఇబ్బంది లేదు. తెలుగు కవిత్వం, శతకాలు, చిన్న వ్యాస సంపుటాలు సన్నగా ఉంటాయి. వెన్ను మీద పేరు చీమ తలకాయంత ఉంటుంది, లేదా అసలుండదు. మధ్యలో పిన్ను కొట్టిన వాటికైతే వెన్నే లేదు. వాటిని వరసగా నిలబెట్టామంటే మాయం చేసేసినట్టే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ళని చూడండి, ఎక్కువ పుస్తకాలను అట్ట పైకి కనపడేలా పరుస్తారు. నిలబడి తల వంచితే చాలు, పాతిక పేర్లు ఒక్కసారి కనపడతాయి. కాబట్టి మీ వందలో ఎన్నింటికి చదవగలిగే వెన్ను ఉందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అట్ట కనపడేలా పెట్టే అరలు ఎన్ని కావాలో ఆ అంకె చెబుతుంది.

2. షాపు కొలవండి, మూలలతో సహా

ఇద్దరు కావాలి. ఒకరు టేపు పట్టుకోవాలి, ఒకరు రాసుకోవాలి. ఉక్కు టేపు మంచిది, గుడ్డ టేపు సాగుతుంది. లేజర్ టేపు దొరికితే ఇంకా సుఖం.

వెడల్పు మూడు చోట్ల కొలవండి: షట్టర్ దగ్గర, నడిమధ్యలో, వెనక గోడ దగ్గర. ఒక్కోచోట నేల మీద ఒకసారి, నడుము ఎత్తున ఒకసారి, తలపైన ఒకసారి. గోడలు నిటారుగా ఉంటాయని నమ్మకండి. నా మొదటి షాపు పనిలో షట్టర్ దగ్గర ఒక్కచోటే కొలిచాను, 14 అడుగులు. వెనక గోడ దగ్గర 13 అడుగుల 8 అంగుళాలే ఉందన్న సంగతి ర్యాకులు దించిన రోజు తెలిసింది. కార్పెంటర్ నా వంక చూశాడు, నేను టేపు వంక చూశాను. వెనక వేద్దామనుకున్న అడ్డ ర్యాకుని అక్కడే కోసి, సన్‌మైకా మళ్ళీ అతికించాల్సి వచ్చింది.

తర్వాత రెండు కర్ణాలు కొలవండి, ఈ మూల నుంచి ఆ మూలకి. వెడల్పులన్నీ ఒకటే ఉండి, ఈ రెండూ సమానంగా ఉంటే షాపు మూలమట్టానికి ఉన్నట్టు. తేడా ఉంటే ఆ తేడా రాసుకోండి, ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. డ్రాయింగ్‌లో గోడ ఎలా ఉందో అలాగే వంకరగా గీస్తే చాలు.

ఇవి కూడా మర్చిపోకండి: పిల్లర్లు గోడలోంచి ఎంత బయటికొచ్చాయి, బీము కింద ఎత్తెంత, షట్టర్ చుట్టుకునే పెట్టె ఎంత కిందికి దిగింది, మీటరు బోర్డు ఎక్కడుంది, నీళ్ళ పైపు ఏ గోడలో ఉంది, రోడ్డుకీ షాపు గచ్చుకీ ఎత్తు తేడా ఎంత. గోడ మీద చెమ్మ మరకలు, చెదల మట్టి గీతలు కనపడితే వాటినీ కొలిచి, ఫోటో తీసి, ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి.

ఉత్తరం ఎటో తెలియాలి. ఫోన్లో దిక్సూచి చూసేటప్పుడు షట్టర్ కిందో, ఇనప ర్యాకు పక్కనో నిలబడకండి, ఇనుము దగ్గర ముల్లు తప్పు చూపిస్తుంది. రోడ్డు మీదకొచ్చి చూడండి. ఉత్తరం గుర్తు వాస్తు కోసమే అనుకుంటారు చాలామంది. నాకైతే అది ఎండ కోసం. పడమటి ముఖం షాపులో సాయంత్రం ఎండ నేరుగా లోపలికొచ్చి, ముందు వరస పుస్తకాల అట్టలు వెలవెలబోతాయి. అట్టల మీద ఎరుపు ముందు పోతుంది.

3. ఆర్కిటెక్ట్ దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి

మీ కొలతల కాగితం, మూడు కుప్పల లెక్క, షాపులో ఎన్ని పుస్తకాలు పెట్టాలనుకుంటున్నారో ఆ అంకె, బడ్జెట్. ఇంతే. బడ్జెట్ దాచకండి. డాక్టరు దగ్గర నొప్పి దాచినట్టుంటుంది.

ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకోవాలంటే 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. ఆ నంబరు సీఏ అక్షరాలతో మొదలవుతుంది, అడిగితే చెబుతారు. చిన్న షాపు ఇంటీరియర్‌కి ఆర్కిటెక్టే కావాలని లేదు, మంచి ఇంటీరియర్ డిజైనర్ చాలు, ఓపికుంటే మీరే గ్రాఫ్ కాగితం మీద గీసుకోవచ్చు. కానీ గోడ పగలగొట్టాలన్నా, అటక వేయాలన్నా, మేడ మీద షాపు పెట్టాలన్నా చదువుకున్న మనిషి సంతకం ఉండాల్సిందే.

ఏ డ్రాయింగ్‌లు ఇస్తారో ముందే రాయించుకోండి. "త్రీడీ వ్యూ ఇస్తాం సార్" అంటే పొంగిపోకండి. త్రీడీ బొమ్మ చూసి కార్పెంటర్ ఒక్క చెక్క కూడా కోయలేడు. మీకు కావాల్సినవి ప్లాను, నాలుగు గోడల ఎలివేషన్లు (ఒక్కో గోడని ఎదురుగా నిలబడి చూసినట్టు గీసినవి), కనీసం ఒక సెక్షను (నిలువు కోత బొమ్మ), ర్యాకు వివరం, సీలింగు ప్లాను, కరెంటు పాయింట్ల ప్లాను.

4. ర్యాకు ముందు, ప్లాను తర్వాత

చాలామంది ప్లానుతో మొదలుపెడతారు. నేను ముందు ఒక్క ర్యాకు గీస్తాను. షాపంతా మళ్ళీ మళ్ళీ వచ్చేది అదే. దాని కొలతలో పొరపాటు పడితే అది పద్దెనిమిది చోట్ల పడుతుంది.

డెమ్మీ పుస్తకం ఎత్తు 215. వేలు దూర్చి లాగడానికి పైన 35 వదిలితే అర లోపలి ఎత్తు 250 మి.మీ. ప్లైవుడ్ మందం 18. కానీ రెండువైపులా సన్‌మైకా అతికిస్తే దాదాపు 20 అవుతుంది. ఈ రెండు మిల్లీమీటర్లే కొంప ముంచేది. పది ర్యాకులు వరసగా పెడితే నిలువు చెక్కల దగ్గరే 22 మి.మీ. పెరుగుతుంది, చివరి ర్యాకు పిల్లరుకి తగిలి కూర్చుంటుంది. అందుకే డ్రాయింగ్ మీద "అతికించాక 20" అని స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు ఎత్తు: కింద 100 మి.మీ. దిమ్మ, ఆ పైన ఒక్కో వరసకి 270 చొప్పున ఏడు వరసలు, పైన మూత చెక్క 20. మొత్తం 2010 మి.మీ., అంటే ఆరడుగుల ఏడంగుళాలు. ఏడో అర చెక్క నేల నుంచి 1740 ఎత్తున ఉంటుంది. అయిదడుగుల మనిషి చెయ్యెత్తితే అందుతుంది, అంతకుమించి అందదు. ఎనిమిదో వరస గీయమని అడగబుద్ధేస్తుంది. అక్కడ పెట్టినవి అమ్ముడుపోవు, దుమ్ము పట్టిన స్టాకుగా మిగులుతాయి.

అయిదు, ఆరు వరసలు 1200 నుంచి 1720 మధ్య ఉంటాయి. నిలబడిన మనిషి కళ్ళు పడేది అక్కడే. ఆ రెండు వరసల్నీ అట్ట కనపడేలా పెట్టడానికి వదిలేయండి. వెనకవైపు కాస్త వాల్చిన చెక్క, ముందు పుస్తకం జారకుండా 20 మి.మీ. అంచు. 800 మి.మీ. అరలో డెమ్మీ పుస్తకాలు అయిదు పడతాయి, ఒక్కోదాని వెనక ఇంకో అయిదారు కాపీలు. అదే అరలో వెన్ను చూపిస్తూ నిలబెడితే, పుస్తకం మందం సగటున 15 మి.మీ. అనుకుంటే, యాభై పైచిలుకు. యాభై ఎక్కడ, అయిదెక్కడ అని ఓనర్లు ఇక్కడే బేరం మొదలుపెడతారు. అన్ని అరలూ నింపేసిన షాపులో కొత్త పుస్తకం ఏదో కొనేవాడికి తెలియదు, ఓనరే లేచొచ్చి చూపించాలి. నేను ఈ రెండు వరసల దగ్గర పట్టు వదలను.

ఇక మొదట్లో చెప్పిన ప్లైవుడ్ లెక్క. షీటు 8 అడుగులకి 4 అడుగులు, అంటే సుమారు 2440కి 1220 మి.మీ. రంపం ఒక్కో కోతకి మూడు మి.మీ. దాకా తినేస్తుంది. అర లోతు 12 అంగుళాలు, అంటే 305 అని గీశారనుకోండి. నాలుగు పట్టీలకే 1220 అయిపోయింది, రంపానికి మిగల్లేదు. కాబట్టి మూడే పట్టీలు, పొడవున మూడు ముక్కలు, మొత్తం 9 అరలు. అదే 300 అని గీస్తే నాలుగు పట్టీలు వస్తాయి, 12 అరలు. అయిదు మిల్లీమీటర్లకి మూడు అరలు తేడా! డెమ్మీ పుస్తకానికి 300 కూడా ఎక్కువే. 240 చాలు. 240కి అయిదు పట్టీలు, 15 అరలు. పైగా లోతెక్కువైతే పుస్తకాలు వెనక్కి జారిపోయి నోట్లో పళ్ళు ఊడినట్టు కనపడతాయి.

పొడవు 800 మించనివ్వకండి. 18 మి.మీ. ప్లైవుడ్ పుస్తకాల బరువుకి మూడడుగులు దాటితే నడుం వాలుస్తుంది. చెక్క పైపొర రేఖలు అర పొడవు వెంట రావాలని డ్రాయింగ్‌లో బాణం గుర్తు వేయండి. అడ్డంగా కోస్తే ఇంకా తొందరగా వంగుతుంది. గైడ్ల ర్యాకుకి ఇదే కొలత వాడకండి. వాటికి 300 లోతు, 320 ఎత్తు, పొడవు 600 చాలు. బరువు దాదాపు రెట్టింపు ఉంటుంది.

కింది దిమ్మ ప్లైవుడ్‌తో వద్దు. రోజూ తడిగుడ్డ పెట్టి తుడుస్తారు, ఏడాదిలో ఉబ్బుతుంది. ఇటుక కట్టి టైలు గానీ గ్రానైట్ గానీ అతికించమనండి. ర్యాకు వెనక 6 మి.మీ. ప్లైవుడ్ పలక, దాని వెనక గోడకి 25 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీ ఎందుకని ప్రతి ఓనరూ అడుగుతారు. గోడలో చెమ్మ నేరుగా పుస్తకానికి ఎక్కకుండా, చెదలు వస్తే టార్చి వేసి చూడటానికి. విశాఖ లాంటి ఊళ్ళో ఇనప ర్యాకులు ఎంచుకుంటే సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, పౌడర్ కోటింగ్ వేసినవే రాయించండి.

5. ఇప్పుడు ప్లాను

ప్లాను అంటే షాపుని సుమారు నాలుగడుగుల ఎత్తున రంపంతో అడ్డంగా కోసి పైనుంచి చూసినట్టు. మన షాపు వెడల్పు 4267. గోడ నుంచి ర్యాకు ముఖం దాకా, వెనక ఖాళీతో కలిపి, 275. రెండువైపులా తీసేస్తే 3717. మధ్యలో 900 వెడల్పు బల్లలు పెడితే అటూ ఇటూ 1408 చొప్పున నడక మిగులుతుంది. నాలుగడుగుల ఏడంగుళాలు. ఒకరు కింద కూర్చుని అడుగు వరస చూస్తుంటే వెనక ఇంకొకరు "కాస్త జరగండి" అనకుండా పోగలరు. చక్రాల కుర్చీకి కనీసం 900 కావాలి, తిప్పుకోవాలంటే 1500 వ్యాసం ఉన్న చోటు కావాలి. బల్లల మధ్య ఖాళీలు వదిలితే ఆ చోటు అక్కడ దొరుకుతుంది. బల్లల్ని రైలుబండిలా ఒకే వరసలో కలిపేయకండి, మధ్యలో మీటరు చొప్పున రెండు తెంపులు ఇవ్వండి.

లోతు 12192. ఒక్కో ర్యాకు 800, దానికో నిలువు చెక్క 20. పది ర్యాకులకి, చివరి చెక్కతో కలిపి, 8220. ముందు షట్టర్ దగ్గర 1500 వదిలితే వెనక సుమారు 8 అడుగులు మిగులుతుంది. అది గోడౌనూ, పార్సిల్ బల్లా. "గోడౌను ఎందుకండీ, అంతా షాపే వేసేద్దాం" అంటారు. పబ్లిషర్ల దగ్గర్నుంచి పుస్తకాలు కట్టలుగా వస్తాయి. ఆ కట్టలు ఎక్కడ విప్పాలి? జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి స్టాలు తీసుకుంటే అక్కణ్ణించి మిగిలొచ్చిన అట్టపెట్టెలు ఎక్కడ పేర్చాలి? ప్లానులో చోటివ్వకపోతే అవి నడిచే దారిలో కూర్చుంటాయి.

కౌంటరు ముందు ఎడమపక్కన పెట్టామనుకుందాం, రెండు ర్యాకుల చోటు పోతుంది. మిగిలినవి పద్దెనిమిది. వెన్ను చూపించే అయిదు వరసలకి యాభై చొప్పున లెక్కేస్తే ర్యాకుకి 250, మొత్తం 4500 పుస్తకాలు. అట్ట కనపడేవి మరో 180 పేర్లు. మీరు ఆర్కిటెక్ట్‌కి చెప్పిన అంకెకీ దీనికీ పొంతన కుదిరిందో లేదో ఇక్కడ చూసుకోవాలి. కుదరకపోతే పుస్తకాలు తగ్గించుకోండి, నడక తగ్గించకండి.

కౌంటర్లో కూర్చున్న మనిషి కళ్ళ దగ్గర్నుంచి ప్లాను మీద గీతలు గీయండి. ఏ మూల కనపడటం లేదో తెలుస్తుంది. ఆ మూలలో ఖరీదైన పుస్తకాలు పెట్టకండి. గల్లాపెట్టె తూర్పుకో ఉత్తరానికో ఉండాలంటే ఇప్పుడే చెప్పేయండి, ర్యాకులు దించాక కాదు. దేవుడి గూడు కూడా ప్లానులో చూపించాలి. ప్లైవుడ్ అరలో దీపం, అగరబత్తి, పక్కనే కాగితం, నాకు ఆ ఊహే టెన్షన్. చిన్న గ్రానైట్ పలక, దాని చుట్టూ రెండడుగులు ఖాళీ. షట్టర్ పక్కన ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండరుకి కూడా ఓ గుర్తు పెట్టించండి.

6. బరువు లెక్క

800 మి.మీ. అరలో డెమ్మీ పుస్తకాలు నిండుగా పెడితే సుమారు 18 కిలోలు. నమ్మకం లేకపోతే పక్క కిరాణా కొట్టులో తూకం వేయించండి. ఏడు అరలకి 126 కిలోలు, ర్యాకు బరువు కాక.

షాపు కింది అంతస్తులో, నేల మీద ఉంటే ఈ భాగం వదిలేయొచ్చు. మొదటి అంతస్తులో, అందులోనూ ఇల్లుగా కట్టిన దాన్లో పెడుతుంటే ఆగి చదవండి. మన దేశంలో ఇళ్ళ గదుల స్లాబుని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల వాడకం బరువుకి లెక్కేస్తారు. చిల్లర దుకాణాలకి 400. గ్రంథాలయాల్లో పుస్తకాలు దట్టంగా పేర్చే గదులకి 600, ర్యాకుల ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. ఇవి భవనాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగంలో ఉన్న అంకెలు. ఇంటి గది మధ్యలో వీపుకి వీపు ఆనించిన ర్యాకులు పెట్టి మూడడుగుల నడక వదిలారనుకోండి, మనుషులు ఎక్కకముందే చదరపు మీటరుకి 280 కిలోల దాకా వెళ్తుంది. అంటే అప్పటికే మించిపోయింది. గోడల పక్కన మాత్రమే ర్యాకులు పెట్టి, మధ్యలో బల్లలతో సరిపెట్టుకోవచ్చేమో. ఆ "ఏమో"ని స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. ఇంటి ఓనరు "మా స్లాబు చాలా గట్టిది సార్" అన్న మాట ఇంజనీరు లెక్క కాదు.

7. సెక్షను, సీలింగు

సెక్షను అంటే షాపుని కేకు కోసినట్టు నిలువునా కోసి పక్కనుంచి చూడటం. దీన్ని ఎగ్గొట్టడానికి డిజైనర్లు చూస్తారు, మీరు పట్టుబట్టండి. బీము కింద ఏసీ పడుతుందా, షట్టర్ పెట్టె కింద బోర్డు కనపడుతుందా, అటక వేస్తే తల తగులుతుందా అన్నవి ప్లానులో కనపడవు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ ఊళ్ళో 13వ శతాబ్దపు చర్చి ఒకటి పుస్తకాల షాపయింది. మెర్క్స్, గిరోడ్ అనే ఆర్కిటెక్టులు ఎత్తైన నల్లటి ఉక్కు ర్యాకుల కట్టడాన్ని ఒక పక్కకి, పాత గోడలకి తగలకుండా నిలబెట్టి, రెండో పక్క చర్చి ఎత్తంతా ఖాళీగా వదిలేశారు. మెట్లెక్కి ఆ కట్టడం లోపలే పుస్తకాలు చూసుకుంటూ పైకి వెళ్తారు. ఆ ఆలోచన ఎంత గొప్పదో సెక్షను చూస్తేనే తెలుస్తుంది, ప్లానులో అది ఓ పక్కన నల్ల గీతల మూట. మన షాపు ఎత్తు పదడుగులే అయితే అటక జోలికి పోకండి. పైనా కిందా ఏడేసి అడుగులు, మధ్యలో అటక మందం ఉంటేనే మనుషులు నిలబడగలరు.

సీలింగు ప్లాను గీసే పద్ధతి తమాషాగా ఉంటుంది. నేల మీద అద్దం పరిచి, అందులో పైకప్పు చూసినట్టు. లైట్లు ఎక్కడున్నాయో దీన్లోనే తెలుస్తుంది. లైట్లని గది మధ్యలో వరసగా పెడితే కింది రెండు అరలు చీకట్లో ఉంటాయి. ర్యాకు ముఖానికి రెండు, రెండున్నర అడుగుల దూరంలో, నడక పొడవునా సాగే పొడుగు లైట్లు పెట్టండి. ఒక్కో చోట ఒక్కో ఫోకస్ లైటు పెడితే చదివేవాడి తల నీడ సరిగ్గా అతను చూస్తున్న పుస్తకం మీదే పడుతుంది. రంగు 4000 కెల్విన్ దగ్గర, నేచురల్ వైట్ అంటారు. ఫ్యాన్ రెక్కలకి పైన లైటు వస్తే కాంతి కొట్టుకుంటుంది, చదివేవాళ్ళకి చిరాకు. ఫ్యాను, లైటు ఒకే డ్రాయింగ్‌లో ఉంటే ఈ తగువు కాగితం మీదే తీరిపోతుంది.

ఏసీని ర్యాకు పైన పెట్టనివ్వకండి. డ్రెయిన్ పైపు ఏదో ఒక రోజు మూసుకుపోతుంది, నీళ్ళు నేరుగా పుస్తకాల మీద కారతాయి. వెనక గోడ మీద, కింద ఏమీ లేనిచోట పెట్టించి, పైపు వాలు ఎటో డ్రాయింగ్‌లో బాణం వేయించండి. ఇన్వర్టర్ మీద ఏ లైట్లు వెలగాలో కూడా వేరే రంగులో గుర్తు పెట్టించండి. కరెంటు పోయినప్పుడు కౌంటరు లైటు ఒక్కటే వెలిగితే చాలదు, జనం లోపల చీకట్లో ఉంటారు.

8. ముందు భాగం

దీన్లో పెద్దగా చెప్పేదేం లేదు. వాన జల్లు ఎంత దూరం లోపలికొస్తుందో ఓ వానరోజు చూసి, అంతవరకు పుస్తకాలు గీయకండి. మనం వదిలిన 1500 అందుకే. రోడ్డు నుంచి ఆరంగుళాల ఎత్తుంటే ర్యాంపు ఆరడుగుల పొడవు ఉండాలి, ఒకటికి పన్నెండు లెక్క. అంత చోటు షాపు బయట లేకపోతే లోపలికి తీసుకురండి. ఆ ర్యాంపు మీదే పుస్తకాల కట్టల ట్రాలీ కూడా ఎక్కుతుంది.

9. ప్రింటు తీసేటప్పుడు

1:50 స్కేల్లో, అంటే యాభయ్యో వంతుకి తగ్గించి గీస్తే, మన 40 అడుగుల షాపు 244 మి.మీ. వస్తుంది, ఏ3 కాగితం మీద హాయిగా పడుతుంది. ర్యాకుల గోడ 1:25లో 329, అదీ పడుతుంది. ర్యాకు అంచు, సన్‌మైకా అతుకు లాంటి వివరాలు 1:5లో.

జిరాక్స్ షాపు అబ్బాయి ఏ3 ఫైలుని ఏ4 మీద కొట్టి ఇస్తాడు. ప్రమాదం అక్కడుంది. 1:50 అని రాసున్న బొమ్మ నిజానికి 1:71 దగ్గరికి వెళ్ళిపోతుంది. మన 1408 నడక కాగితం మీద 28 మి.మీ. ఉండాల్సింది 20 ఉంటుంది. మేస్త్రీ స్కేలు పెట్టి కొలిచి, యాభైతో గుణించి, "వెయ్యే కదా" అనుకుంటాడు. అందుకే ప్రతి షీటు మీద పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయించండి: "రాసిన కొలతే చూడాలి, బొమ్మ మీద కొలవకూడదు." కొలతలు మి.మీ.ల్లో, పక్కన అడుగులు అంగుళాల్లో కూడా వేయించండి. చాలామంది కార్పెంటర్ల చేతికి అంగుళాలు, సూతులే (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) అలవాటు. వాళ్ళ చేత మనసులో భాగాహారాలు చేయించడం దేనికి?

ప్రతి షీటుకి మూలన తేదీ, మార్పు నంబరు ఉండాలి: ఆర్0, ఆర్1, ఆర్2. వాట్సాప్‌లో పాత పీడీఎఫ్ ఎక్కడో ఉంటుంది, కార్పెంటర్ ఫోన్లో అదే ముందు తెరుచుకుంటుంది. కొత్తది ఇచ్చిన రోజు పాత ప్రింటు వెనక్కి తీసుకుని అడ్డంగా గీత కొట్టండి. మొహమాటపడకండి.

10. సుద్దముక్క, ఒక్క ర్యాకు

ప్లైవుడ్ కొనకముందు ఒక సాయంత్రం షాపుకెళ్ళి, ప్లానుని సుద్దముక్కతో నేల మీద అసలు సైజులో గీయండి. ర్యాకులు, బల్లలు, కౌంటరు. ఇంట్లోవాళ్ళని పిలిచి ఆ గీతల మధ్య నడవమనండి. మీ నాన్నగారు కౌంటరు చోట కుర్చీ వేసుకుని కూర్చుని చూడాలి, పిల్లలు బల్లల మధ్య పరిగెత్తి చూడాలి. ఒక షాపులో ఓనరుగారి అమ్మగారు గీతల మధ్య నిలబడి, "కాసేపు కూర్చోడానికి ఒక్క చోటైనా పెట్టలేదేంట్రా?" అన్నారు. నేను ఆరుసార్లు మార్చిన ప్లానులో కుర్చీ లేదు. మూడో బల్ల కుదించి అక్కడ బెంచీ వేశాం.

తర్వాత కార్పెంటర్ చేత ఒక్క ర్యాకే చేయించండి, మిగతా పదిహేడు ఆపండి. దాన్ని నిజం పుస్తకాలతో నింపి, అన్నిటికన్నా బరువైనవి నడిమి అరల్లో పెట్టి, పదిహేను రోజులు వదిలేయండి. పదహారో రోజు అర ముందు అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొసకి దారం బిగించి పట్టుకోండి. మధ్యలో దారానికీ చెక్కకీ మధ్య సందు కనపడితే ఎంతుందో కొలవండి. రెండు మి.మీ. దాటితే 800ని 700 చేయించండి, షీటు మూలన ఆర్1 అని, ఆ రోజు తేదీ వేయించి, మిగతా ప్లైవుడ్‌కి అప్పుడు డబ్బు ఇవ్వండి.